బాలింత గదిలో కుంపటి

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు నంబరు చదవడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. నేను నోటితో చెబుతుంటే నా కోడలు శైలజ రాస్తోంది. బూతు వచ్చినచోట ఆమె పెన్ను ఆపేస్తోంది. కాబట్టి ఇందులో ఎక్కడైనా మర్యాద కనిపిస్తే అది ఆమెది, నాది కాదు.

నా పేరు పాపమ్మ. నా పని బాలింతలకు నీళ్లు పోయడం. బెంగుళూరులో బాణంతి పని అంటారు. కాన్పై ఇంటికి వచ్చిన తల్లికీ బిడ్డకూ నూనె రాసి, వేడినీళ్లు పోసి, కుంపట్లో నిప్పు చేసి, సాంబ్రాణి వేసి, ఒళ్లు వెచ్చబడ్డాక పడుకోబెట్టి రావాలి. మోకాళ్లు మొరాయించేదాకా ఈ పనే చేశాను. ఇప్పుడు జిగణి వైపు నుంచి, బొమ్మనహళ్ళి వైపు నుంచి కొత్త పిల్లలు ఈ పనికి వస్తున్నారు. ఏజెన్సీవాళ్లు ఒక గులాబీరంగు టీషర్టు ఇచ్చి, రెండు రోజులు ప్లాస్టిక్ బొమ్మకు నీళ్లు పోయించి, ఇళ్లకు పంపేస్తున్నారు. ప్లాస్టిక్ బొమ్మ ఏడవదు, పాలు కక్కదు, అన్నిటికంటే ముఖ్యంగా దానికి అమ్మమ్మ ఉండదు. ఈ పనిలో సగం కష్టం అమ్మమ్మతోనే.

నూనె ఎలా రాయాలో మీకు ఎవరైనా చెబుతారు. నేను నిప్పు గురించి చెబుతాను. నిప్పు విషయంలో అప్పట్లో నాకు సగం పాఠమే తెలుసు. ఆ సగంతోనే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చి, చివరికి ఒక తల్లినీ, పందొమ్మిది రోజుల బిడ్డనూ నా చేతులతో నేనే చంపబోయాను. చంపలేదు. ఇద్దరూ బాగున్నారు. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతోంది, టీచర్లను ఏడిపిస్తోందట. అందుకే ఈ కథ నవ్వుతూ చెప్పగలుగుతున్నాను. లేకపోతే చెప్పడానికి నోరుండేది కాదు.

అత్త నేర్పిన సగం

నా మొగుడు బళేపేటలో ఒక గాజుల అంగడిలో మూటలు మోసేవాడు. మంచివాడు, ఉప్పు తక్కువైనా మాట్లాడకుండా తినేవాడు. ఆయన పోయేసరికి నాకు ఇద్దరు పిల్లలు, ఒక అత్త. మా అత్త చెంగమ్మ ఆ సందులన్నిటికీ నీళ్లు పోసే మనిషి. కొడుకు కర్మ అయిన మరునాడు నా చేతికి విసనకర్ర ఇచ్చింది.

"ఏడ్చింది చాలు గానీ, నిప్పు చేసేది నేర్చుకో పా," అంది. ఆమె అప్పటికి ఇంకా ఏడుస్తూనే ఉంది.

అత్త గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. చేతిలో గొప్ప పనితనం, నోట్లో తేలు. నేను చేసిన మొదటి తప్పు ఇప్పటికీ గుర్తుంది. బొగ్గు త్వరగా అంటుకోవడం లేదని, సగం రాజుకున్న కుంపట్లో కిరసనాయిలు పోశాను. భగ్గుమని లేచి నా కనుబొమ్మలు రెండూ పోయాయి. అత్త నన్ను పక్కకు లాగి, మొహం మీద చల్లనీళ్లు కుమ్మరించి, బతికానని తెలుసుకున్నాక నవ్వడం మొదలుపెట్టింది. మరునాడు కాటుకతో కనుబొమ్మలు దిద్దుకుని పనికి పోయాను. చెమటకు అవి బుగ్గల మీదికి జారాయి. ఆ ఇంటి బాలింత నవ్వీ నవ్వీ కుట్లు లాగుతున్నాయని ఏడ్చింది.

అందుకని ముందు ఇది వినండి. కిరసనాయిలు వద్దు, పెట్రోలు వద్దు, చేతులకు రాసుకునే శానిటైజరు అసలు వద్దు. ఒక ఇంట్లో అల్లుడు అదీ పోశాడు. కుంపటి అడుగున గాలి కన్నం ఉంటుంది, ముందు పాత బూడిద తీసి దాన్ని ఖాళీగా పెట్టుకోవాలి. కొబ్బరిపీచు వదులుగా పరిచి, దాని మీద చిప్ప ముక్కలు, ఆపైన సన్నబొగ్గు. కింద నుంచి పీచుకు అగ్గిపుల్ల చూపిస్తే చాలు, మిగతాది ఓపిక చూసుకుంటుంది. పెద్ద బొగ్గు చివర్లో వేయాలి. తడిబొగ్గు చిట్లి మీదికి ఎగురుతుంది కాబట్టి ముందురోజే ఎండలో పోయాలి. కొంగు నడుముకు దోపుకోవాలి. నైలాను చీర కట్టుకున్న రోజు నిప్పు జోలికి పోవద్దు. పక్కన ఒక బకెట్టు ఇసుక ఉండాలి. ఇప్పటి ఇళ్లలో పాలరాతి నేల మీద కుంపటి నేరుగా పెడితే రాయి పగులుతుంది, కింద ఇటుకలు వేయాలి. ఈ ఇటుకల సంగతి నాకు ఎలా తెలిసిందో అడగొద్దు. శైలజకు తెలుసు, నవ్వుతోంది.

అత్త దీనికి చివర్లో ఒక మాట చేర్చేది. పొగ ఉన్నంతసేపు కుంపటి బయట ఉండాలి, పొగ పోయి బొగ్గు మీద తెల్లటి పొర కట్టాక లోపలికి తేవాలి. పొగ లేని నిప్పు మంచి నిప్పు, దాన్ని బాలింత మంచం కింద పెట్టినా భయం లేదు.

బళేపేట ఇళ్లలో నిజంగానే భయం లేదు. అక్కడ పెంకులకూ గోడకూ మధ్య పిల్లి దూరేంత సందు ఉండేది. తలుపు వేస్తే గొళ్లెం ఒక ఊళ్లో, కొక్కెం ఒక ఊళ్లో. మేము ఎంత మూసినా ఆ ఇల్లు ఊపిరి పీల్చుకుంటూనే ఉండేది. అత్త అది తన నిప్పు గొప్పతనం అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

తొమ్మిదో అంతస్తు

అత్త పోయాక, పిల్లలు పెద్దయ్యాక, నా పని మెల్లగా పెద్ద అపార్టుమెంట్లకు మారింది. హోసూరు రోడ్డు పొడవునా ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేరు పిల్లలు. వాళ్లకు కాన్పు అయితే ఊరి నుంచి తల్లి వస్తుంది. తల్లి వస్తే ఆమెకు పాత పద్ధతులన్నీ కావాలి. పాత పద్ధతి అంటే నేను.

బొమ్మనహళ్ళిలో అలాంటి ఒక ఇంటికి పిలిచారు. బాలింత పేరు హారిక, మొదటి కాన్పు, ఆడపిల్ల. మొగుడు కిరణ్, పక్క గదిలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని రోజంతా కంప్యూటరుతో మాట్లాడేవాడు. ఇల్లు నడిపేది మాత్రం హారిక తల్లి రాజ్యలక్ష్మి గారు. గుంటూరు వైపు హైస్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. నేను టీచరమ్మ అని పిలిచేదాన్ని. ఆమె మాట్లాడితే ఎదురుగా ఉన్నవాళ్లు తెలియకుండానే చేతులు కట్టుకునేవారు. కిరణ్ కూడా.

నేను పోయిన మొదటి రోజే ఆ గది చూసి మురిసిపోయాను. చలికాలం. బాలింతకు గాలి తగలకూడదని టీచరమ్మ, పార్సిల్ డబ్బాలకు అంటించే గోధుమరంగు టేపు తెచ్చి కిటికీల అంచులన్నీ అంటించేసింది. ఏసీ కన్నంలో పాత దుప్పటి కుక్కింది. తలుపు కింద చుట్టిన తువ్వాలు. చీమ కూడా ఫోన్ చేసి రావాలి. బళేపేటలో నేను, అత్త ఎన్నేళ్లు ప్రయత్నించినా ఇంత బాగా మూయలేకపోయాం. మెచ్చుకున్నాను కూడా.

"పద్ధతి తెలిసిన ఇల్లు అంటే ఇట్లుండల్ల," అన్నాను.

టీచరమ్మ ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది. ఈ పనిలో అమ్మమ్మ నవ్వితే నెల గడిచినట్టే. ఆ నవ్వు చూసి నాకు బుర్ర పనిచేయడం ఆగిపోయింది.

నిప్పు మాత్రం బాల్కనీలో పద్ధతిగానే చేశాను. ఒకసారి కిరణ్ సాయం చేస్తానని, హారిక జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి కుంపటి వైపు తిప్పి మీట నొక్కాడు. దీపావళి అయిపోయి రెండు నెలలైంది, ఆ బాల్కనీలో మళ్లీ వచ్చింది. ఒక నిప్పురవ్వ ఎనిమిదో అంతస్తులో ఆరేసిన పట్టుచీర మీద పడింది. ఆ ఇంటావిడ పైకి వచ్చి అరవంలో తిట్టింది. నాకు అరవం వచ్చు, కిరణ్‌కు రాదు, అందుకని అతను నవ్వుతూ తలూపాడు. నేను అనువదించలేదు.

గదిలో పైన పొగను పసిగట్టే గుండ్రటి యంత్రం ఉంది. సాంబ్రాణి వేస్తే అది కూస్తుందని, కిరణ్ దానికి స్నానం చేసేటప్పుడు జుట్టు తడవకుండా పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ తొడిగాడు. అలా ఆ ఇంట్లో కిటికీలకు టేపు, తలుపుకు తువ్వాలు, యంత్రానికి టోపీ. నిప్పుకు మాత్రం ఏ అడ్డూ లేదు. మా అత్త లెక్క ప్రకారం నేను కుంపటి లోపల పది నిమిషాలు ఉంచి తీసేసేదాన్ని. టీచరమ్మకు అది చాలలేదు. మంచం పక్కనే ఉంచమంది, బొగ్గు తగ్గితే వేయమంది, నేను వెళ్లేదాకా ఉంచమంది. సరేనన్నాను. పొగ లేదు కదా.

తలనొప్పికి మిరపకాయలు

రెండో వారంలో హారికకు తలనొప్పి మొదలైంది. నీళ్లు పోసుకుని, గదిలో ఒక గంట పడుకుంటే చాలు, తల పగిలిపోతోందని, వాంతి వచ్చేలా ఉందని అనేది. నాకూ తల దిమ్ముగా ఉండేది, వయసు అనుకున్నాను. పాప మగతగా పడి ఉండేది. టీచరమ్మ దాన్ని చూసి, నీళ్లు పోశాక ఎంత హాయిగా నిద్రపోతోందో అని మురిసేది. నేను అది నా చేతి మహిమ అని ఊరుకున్నాను.

ఆ వారమే కిరణ్ ఆఫీసువాళ్లు పాపను చూడటానికి వచ్చి వెళ్లారు. ఇంకేముంది, దిష్టి. టీచరమ్మ అంది, నేను అవునన్నాను. ఎవరు ముందు అన్నారో ఆ తర్వాత చాలా రోజులు వాదించుకున్నాం. నేనే అన్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఎండు మిరపకాయలు, రాళ్లఉప్పు, ఆవాలు గుప్పిట్లో పట్టి తల్లికీ బిడ్డకూ తిప్పి, అక్కడే ఉన్న కుంపట్లో వేశాను. మీకు తెలుసు, దిష్టి ఉంటే మిరపకాయ ఘాటు రాదని మనవాళ్లు అంటారు. ఆ మూసిన గదిలో వచ్చిన ఘాటుకు నా తాతముత్తాతలు కూడా దగ్గి ఉంటారు. హారిక పాపను కొంగులో చుట్టుకుని బాల్కనీలోకి పరిగెత్తింది. వెనక టీచరమ్మ, ఆమె వెనక నేను. కిరణ్ హెడ్‌ఫోన్ తోనే వచ్చి, మీటింగులో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా దగ్గాడు. టోపీ తొడిగినా ఆ యంత్రం కూసింది. కింద నుంచి సెక్యూరిటీ మంజప్ప ఎర్ర సిలిండరు భుజాన వేసుకుని పైకొచ్చాడు. తలుపులన్నీ తెరిచి పెట్టాల్సి వచ్చింది.

పావుగంటకు హారిక తలనొప్పి పోయింది.

"చూశారా, ఎంత దిష్టి ఉండిందో," అన్నాను.

ఘాటు వస్తే దిష్టి లేనట్టు కదా అని ఎవరూ అడగలేదు. అడిగినా నా దగ్గర ఏదో ఒక జవాబు ఉండేది. ఈ పనిలో మనం ఎటు తిరిగినా మనదే గెలుపు, అదే ఇందులో ఉన్న ప్రమాదం. టీచరమ్మ నాకు కొత్త చీర పెట్టింది. మరునాడు మళ్లీ తలనొప్పి. మళ్లీ మిరపకాయలు, మళ్లీ పరుగు, మళ్లీ తగ్గింది. మూడోరోజు మంజప్ప సిలిండరు లేకుండానే వచ్చి, ఈరోజు కూడానా అవ్వా అని అడిగి వెళ్లిపోయాడు.

మిరపకాయలు చేసిన పని ఒక్కటే. ఆ గది తలుపు తెరిపించడం. ఆ సంగతి అందరికంటే ముందు నాకు తెలియాల్సింది, నాకే తెలియలేదు.

గడప దగ్గర ఆగిన దిష్టి

నాలుగో రోజు బొగ్గు వేయడానికి కుంపటి ఎత్తుకుని బాల్కనీలోకి వచ్చాను. రెండు నిమిషాలకు నా తల తేలికపడింది. లోపలికి పోయాను, మళ్లీ బరువెక్కింది. మళ్లీ ఏదో వంకతో బయటికి వచ్చాను, తేలికపడింది. నేను చదువుకోలేదు గానీ నా తల ఎప్పుడు నొస్తుందో నాకు తెలుసు. హాల్లో టీవీ ముందు కూర్చునే టీచరమ్మకు తలనొప్పి లేదు. పక్క గదిలో కిరణ్‌కు లేదు. గదిలో ఉండే హారికకు ఉంది, నాకు ఉంది, పాప మగతగా ఉంది. దిష్టి అయితే ఇంటికంతా తగలాలి కదా. గది గడప దగ్గర చెప్పులు విడిచి ఎందుకు కూర్చుంది?

ఆ రోజు పరదా వెనక కిటికీ టేపు జానెడు ఊడదీసి, వేలి సందంత తెరిచాను. కుంపటి అక్కడే ఉంది. ఎవరికీ తలనొప్పి రాలేదు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ఆ క్షణమే నోరు తెరవాల్సింది. తెరవలేదు. నిప్పు నాది. తప్పు నిప్పుదని చెబితే, ఇన్నేళ్లుగా నేను, మా అత్త చేసిన పని మీద నేనే బూడిద పోసుకున్నట్టు. పైగా కొత్త చీర కట్టుకుని ఉన్నాను. రేపు మెల్లగా చెబుదాం, నాలుగు రోజులు ఊడిన టేపు ఇలాగే దాచి నడిపిద్దాం అనుకుని ఇంటికి పోయాను. ఎవరైనా పిల్లలు ఈ పనిలో ఇలా రేపు అనుకుంటే, వాళ్ల చెంప నా తరఫున వాళ్లే వాయించుకోవాలి.

మరునాడు నేను పోయేసరికి టీచరమ్మ ఊడిన టేపు కనిపెట్టేసి, రెండు వరుసలు కొత్తది అంటించింది. నా మీద అనుమానం లేదు, టేపు కంపెనీని తిట్టింది. నాకోసం ఎదురుచూడటం ఎందుకని పొద్దున్నే తానే బాల్కనీలో నిప్పు చేసి, కుంపటి గదిలో పెట్టి కూర్చుంది. అంటే కూర్చోలేదు, హాల్లోకి పోయింది. లోపల హారిక గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. ఒళ్లో పాప.

పాలు పట్టమన్నాను. హారిక ప్రయత్నించింది. పాప నోరు తెరవలేదు. అరికాలు గిల్లాను. ఏడవలేదు. చెయ్యి ఎత్తి వదిలాను, తడిగుడ్డలా కింద పడింది.

ఎన్ని వందల బిడ్డలను ఈ కాళ్ల మీద పడుకోబెట్టుకున్నానో. ఏ బిడ్డ చెయ్యీ అలా పడలేదు.

బొగ్గు సంచి

కుంపటి ఎత్తి బాల్కనీలో పెట్టి, ఇసుక బకెట్టు మొత్తం దాని మీద బోర్లించాను. తిరిగి వచ్చి కిటికీ టేపు రెండు చేతులతో లాగాను. గోడ రంగు కూడా టేపుతో వచ్చేసింది. కిటికీ రెక్కలు రెండూ తెరిచాను. చలిగాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. తల్లీబిడ్డలను ఆ కిటికీ దగ్గరికి లాక్కొచ్చి నిలబెట్టాను. టీచరమ్మ వచ్చేసరికి గది సంత బయలులా ఉంది.

"నీకు మతి పోయిందా పాపమ్మా. పచ్చి బాలింత."

"దిష్టి కాదమ్మా. నిప్పే. నా నిప్పే చేస్తా ఉండాది ఇదంతా."

"మూడుసార్లు దిష్టి తీస్తే మూడుసార్లూ తగ్గింది. నీ చేత్తో నువ్వే తీశావు."

"తలుపు తీసినాము కాబట్టి తగ్గింది. మిరపకాయలకు కాదు."

నా గొప్ప నాకే అడ్డం పడింది. మూడు రోజులు దిష్టేనని ఆమెను నేనే నమ్మించాను. ఇప్పుడు నేనే కాదన్నా నమ్మడం లేదు. అంతలో పాప చిన్నగా మూలిగి, మెల్లగా ఏడుపు అందుకుంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. టీచరమ్మకు కోపం లేచి వచ్చింది.

"చూడు, గాలి తగిలి ఎలా ఏడుస్తోందో. నువ్వు ఇంటికి వెళ్లు. రేపటి నుంచి రావద్దు. నిప్పు నేను చేసుకోగలను."

హారిక నావైపు చూసింది, తల్లివైపు చూసింది. పెళ్లై, ఉద్యోగం చేసి, పదిమందికి పని చెప్పే పిల్ల. తల్లి ముందు మాత్రం పదో తరగతి. నేను ఆమె చెవి దగ్గర, బిడ్డను ఆస్పత్రికి తీసుకుపో తల్లీ, ఇప్పుడే, అని మాత్రం చెప్పాను.

వెళ్లిపోదామనే బాల్కనీలోకి పోయాను. అక్కడ నా కుంపటి ఉంది, అది నాదే, ఇసుకా నిప్పూ బకెట్లో దిమ్మరించి ఎత్తుకున్నాను. దాని పక్కనే సగం నిండిన బొగ్గు సంచి ఉంది. అది వాళ్లది. నిప్పు నేను చేసుకోగలనన్న మాట చెవిలో ఇంకా మోగుతోంది. కుంపటి లేకపోతే ఆమె పాత కళాయిలోనైనా చేస్తుంది, పట్టుదల మనిషి. ఎన్నో ఇళ్లలో బంగారం గట్టు మీద పెట్టి నన్ను నమ్మి వెళ్లారు, చెంచా కూడా ముట్టలేదు. ఆ రోజు మాత్రం బొగ్గు సంచి చంకలో పెట్టుకుని, పైన చీర కొంగు కప్పి, మెట్ల దారిన దిగాను. లిఫ్టులో కెమెరా ఉంటుందని ఆ తొందరలో కూడా గుర్తొచ్చింది. దొంగబుద్ధి నేర్చుకోవడానికి ఎక్కువసేపు పట్టదు.

గేటు దగ్గర పనివాళ్ల సంచులు చూసి పంపడం ఆ అపార్టుమెంటు రూలు. మంజప్ప ములబాగిలువాడు, తెలుగు మాట్లాడే మనవాడే, కానీ రూలు రూలే. కొంగు తీయమన్నాడు.

"ఏందవ్వా ఇది, బొగ్గులా? కడుపు అనుకుంటి."

"నగవద్దప్పా. విడిచిపెట్టు."

"ఇంటివాళ్లను అడగల్ల కదా. సుమ్నే, ఊరికే పంపితే నా పని పోతాది."

అతను ఇంటర్‌కమ్ తీశాడు. నేను గోడకు ఆనుకున్నాను. పైన టీచరమ్మ ఎత్తుతుంది, దొంగ అంటుంది, మంజప్ప సంచి పైకి పంపిస్తాడు, సాయంత్రానికి ఆ గదిలో మళ్లీ నిప్పు. దొంగ అన్న పేరు వస్తే హోసూరు రోడ్డులో ఏ ఇంట్లోనూ నాకు ఇక పని ఉండదు, అదీ తెలుసు. కానీ ఆ చెయ్యి పడిన తీరే కళ్ల ముందు ఉంది.

మంజప్ప సంగతి చెప్పి, ఎవరు మాట్లాడేదని అడిగాడు. తర్వాత నావైపు చూస్తూ స్పీకరు మీట నొక్కాడు. హారిక గొంతు.

"బొగ్గు నేనే ఇచ్చాను. ఆమెను పంపొద్దు, అక్కడే కూర్చోబెట్టండి. మేము కిందికి వస్తున్నాం, హాస్పిటల్‌కి."

బల్ల మీద ఇద్దరం

హారిక దిగింది. పందొమ్మిదో రోజు బాలింత, నెత్తిన గుడ్డ కూడా లేకుండా ఎండలోకి. కిరణ్ కారు తెచ్చి నన్నూ ఎక్కించుకున్నాడు. టీచరమ్మ వెనకే సాక్సులు పట్టుకుని, కాళ్లకు వేసుకోమని బతిమాలుతూ వచ్చింది. కారు అద్దాలు నాలుగూ నేనే దింపించాను. ఆమె మళ్లీ ఎక్కించమంది. కిరణ్ జీవితంలో మొదటిసారి ఆమె మాట వినబడనట్టు నడిపాడు. హెడ్‌ఫోన్ లేకుండానే.

ఆస్పత్రిలో హారిక రక్తం తీశారు, ముక్కుకూ నోటికీ గొట్టం తగిలించారు. పాపను చిన్న గాజుపెట్టెలో పెట్టారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, కానీ కోపం పెద్దది. మూసిన గదిలో బొగ్గు ఎవరు పెట్టారని అడిగింది. నేను అన్నాను, నేనే. టీచరమ్మ కూడా అంది, నేనే. మీరిద్దరూ బయట కూర్చుని తేల్చుకోండి అని డాక్టరమ్మ తలుపు వేసేసింది. ఇంకో గంట ఆ గదిలోనే ఉండి ఉంటే ఏమయ్యేదో మాత్రం కిరణ్‌కు చెప్పింది. అతను మాకు చెప్పలేదు. అతని మొహం చూస్తే అడగాలని కూడా అనిపించలేదు.

బయట బల్ల మీద కూర్చున్నాం. టీచరమ్మ నేల చూస్తూ మాట్లాడింది.

"నేను చెప్పింది సైన్సు, పాపమ్మా."

నాకు అర్థం కాలేదు. స్కూల్లో ఏం చెప్పేవారో నేను ఎప్పుడూ అడగలేదు.

"ఎనిమిదో తరగతికి దహనం పాఠం. బొగ్గు కాలితే ఒక విషవాయువు వస్తుంది, దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. మనిషికి తెలియకుండానే లోపలికి పోతుంది. ఏటా చెప్పేదాన్ని. బోర్డు మీద బొమ్మ కూడా వేసేదాన్ని."

"ఏం బొమ్మమ్మా?"

"మూసిన గది. మధ్యలో కుంపటి."

ఆమెను ఏమైనా అనడానికి నాకు ఆ రోజు మంచి అవకాశం. నోట్లో నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి, ఒక్కటీ శైలజ రాయదు. అనలేదు. చదువుకున్న ఆమె, చదువుకోని నేను, ఒకే గదిని మెచ్చుకున్నాం. ఆ బొమ్మ ఆమె సుద్దముక్కతో వేసింది, నేను బొగ్గుతో వేశాను.

సాయంత్రానికి పాప ఆస్పత్రి అంతా ఎగిరిపోయేలా ఏడ్చింది. నర్సు వచ్చి, బాగా ఏడుస్తోంది, భయం లేదు అని చెప్పింది. టీచరమ్మ ఏడ్చింది. నేను కూడా ఏడ్చానని ఆమె అంటుంది. అది అబద్ధం అని రాయి శైలజా.

మిగతా సగం

కొత్త పిల్లలూ, మీకు చెప్పాల్సిన మిగతా సగం ఇది. పొగ ఉన్న నిప్పును చూసి మనిషి తనంతట తానే పారిపోతాడు. పొగ లేని నిప్పే పక్కలో పడుకుని ప్రాణం తీస్తుంది. తెల్లటి పొర కట్టినా, ఎర్రగా అందంగా కనిపించినా, బొగ్గు కాలుతున్నంతసేపు దాని చోటు బయటే. పడుకునే గదిలోకి పది నిమిషాలకు కూడా తేవద్దు. కిటికీ తెరిచి ఉంది కదా అని కూడా తేవద్దు. నేను ఒకరోజు వేలి సందుతో గట్టెక్కాను, అది అదృష్టం, పద్ధతి కాదు. బాలింతకు వెచ్చదనం కావాలంటే నీళ్లలో ఉంది, నూనెలో ఉంది, రెండు దుప్పట్లలో ఉంది. ఆ గదిలో ఎవరికైనా తల నొప్పి పుట్టినా, బిడ్డ మత్తుగా ఉన్నా, ముందు అందరినీ గాలిలోకి తీసుకుపోండి, తర్వాత ఆస్పత్రికి. మిరపకాయలు కూరలో వేసుకోండి. అమ్మమ్మ ఒప్పుకోకపోతే పని మానేసి రండి. వచ్చేటప్పుడు బొగ్గు సంచి తెచ్చేయండి, దొంగ అంటే నా పేరు చెప్పండి.

ఆస్పత్రి నుంచి వచ్చిన మరునాడు పొద్దున టీచరమ్మే ఫోన్ చేసి రమ్మంది. పోయేసరికి గదిలో టేపు ముక్క లేదు. ఆమె తెల్లవారుజామునే లేచి గోళ్లతో గీకి తీసిందట. ఏసీ కన్నంలో దుప్పటి లేదు, యంత్రం నెత్తిన టోపీ లేదు. నేను పాపకు నూనె రాశాను, నీళ్లు పోశాను, ఒళ్లు తుడిచి పొడిబట్టలో చుట్టి హారిక చేతికి ఇచ్చాను. కుంపటి లేదు, సాంబ్రాణి లేదు. హారిక కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పాలు పట్టసాగింది. గాలికి పరదా మెల్లగా ఊగుతోంది. టీచరమ్మ ఒక స్టూలు మీద, నేను నేల మీద.

పాప ఒక్కసారి తుమ్మింది.

టీచరమ్మ కిటికీ వైపు చూసింది. నేనూ చూశాను. ఆమె చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి, నేను నావి పిరుదుల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.